తుపాకీలో పిండిన నిమ్మకాయ

పెన్సిల్వేనియాలో, మా ఇంటికి ముప్పావుగంట దూరంలో ఒక షూటింగ్ రేంజ్ ఉంది. ఒక అక్టోబరు శనివారం నేను అక్కడ ఒకే ఒక్క గుండు పేల్చాను. ఆ దెబ్బకి రేంజ్ మొత్తం నిశ్శబ్దమైపోయింది. కాల్చేవాళ్లంతా తుపాకులు కింద పెట్టేసి, వెనక్కి జరిగి, నావైపే చూస్తూ నిలబడ్డారు. రేంజ్ ఆఫీసర్ స్వయంగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

ఇదంతా నా గురి చూసి జరిగిందని మీరనుకుంటే తప్పు మీది కాదు. మీరలా అనుకోవాలనే అలా రాశాను. అసలు జరిగింది మహాఘోరం. చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

పదేళ్ల పైమాట. అప్పుడే రిటైరయ్యాను. రిటైరైన తెలుగువాడు ఇక్కడ చేయదగ్గ పనులు పెరట్లో ఆనపకాయలు పెంచడం, గుడి కమిటీలో తగవు పెట్టుకోవడం. రెండూ చేశాను. ఆనపపాదుని జింకలు తినేశాయి, నన్ను కమిటీ తినేసింది. ఇక మిగిలింది ఏముంది, వెళ్లి తుపాకీ కొన్నాను.

మామూలు తుపాకీ అనుకునేరు. చూడ్డానికి పాత కౌబాయ్ సినిమాల్లో గుర్రం మీదివాడు పట్టుకునే రైఫిలే. చెక్క పిడి, ట్రిగ్గర్ దగ్గర చెయ్యి దూర్చి లాగే ఇనుప లీవరు. లీవరు కిందికి లాగి మళ్లీ మూస్తే గుండు లోపలికెక్కుతుంది. కొంచెం పొట్టిది కాబట్టి కార్బైన్ అంటారు. విశేషమేమిటంటే, మనిషి రైఫిలే గాని తిండి మాత్రం రివాల్వర్‌ది. అంటే ఆరడుగుల పహిల్వాను ఉగ్గుగిన్నెతో భోంచేసినట్టు.

నవ్వకండి. అందులోనే ఉంది మజా. పెద్ద రైఫిల్ పేలిస్తే భుజం మీద గేదె తన్నినట్టుంటుంది. ఇది పేలిస్తే మనవరాలు భుజం తట్టి "తాతా" అని పిలిచినట్టుంటుంది. రివాల్వర్‌తో గోడక్కూడా తగలనివాడికి, రెండు చేతులూ ఒక భుజమూ ఆసరా ఉంటాయి గనక, దీంతో కాగితానికి తగులుతుంది. పైగా ఒకే పిండితో ఇడ్లీ, దోసె వేసుకున్నట్టు, ఒకే డబ్బాలో తూటాలు రివాల్వర్‌కీ పనికొస్తాయి, రైఫిల్‌కీ పనికొస్తాయి. నాకు రివాల్వర్ లేదనుకోండి. అయినా సౌకర్యం సౌకర్యమే కదా.

మా ఆవిడ అనసూయకి ఇవన్నీ విడమరిచి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

"ఇంతకీ ఎవర్ని కాల్చడానికండీ?"

"ఎవర్నీ కాదే. కాగితాన్ని."

"కాగితం మిమ్మల్నేం చేసింది?"

నేనూ ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీశాను.

"సరే," అంది చివరికి. "దసరా వెళ్లిన శనివారం అన్నయ్యగారు వస్తున్నారుగా. ఆయన ముందు కాల్చండి. మధ్యలో గుండ్రంలో నాలుగు తగిలితే ఇది ఇంట్లో ఉంటుంది. తగల్లేదా, ఎక్కడ కొన్నారో అక్కడ ఇచ్చేసి రండి."

అన్నయ్యగారంటే మా వియ్యంకుడు, అమ్మాయి మామగారు, నర్సయ్యగారు. కరీంనగర్ మనిషి. ఆర్మీలో హవల్దారుగా చేసి, గ్రీన్‌కార్డ్ మీద వచ్చి న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఫోన్‌లో నా కార్బైన్ సంగతి వినగానే కాసేపు దగ్గారు.

"గదేం తుపాకి బావగారు? గుండేమో పిస్తోల్‌ది, ఒళ్లేమో రైఫిల్‌ది."

"అదే దాని అందం బావగారూ."

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే విన్న. బ్రహ్మాస్త్రంల పిచ్చుకను వెట్టి ఇడుసుడు ఇప్పుడే వింటున్న."

ఆ మాట నన్ను రాత్రీ పగలూ కుట్టింది. ఇక్కడ మీకు మాత్రమే ఒక రహస్యం చెబుతాను. అప్పటికి నేను రెండుసార్లు రేంజ్‌కి వెళ్లొచ్చాను. కాగితాలు రెండూ చెక్కుచెదరలేదు. మళ్లీ వాడుకోవచ్చు. కార్బైన్ ఇంట్లో నిలవాలంటే గురి కాకుండా ఇంకేదైనా దారి చూడాలి.

దారి దసరా చూపించింది. మా ఇంట్లో ఆయుధపూజ ఘనంగా జరుగుతుంది. కారు, కుక్కరు, గడ్డి కోసే మిషను, లాప్‌టాప్, అన్నీ బొట్టు పెట్టించుకోవాల్సిందే. పూజ జరిగిన వస్తువుని అనసూయ గడప దాటనివ్వదు. ఎప్పుడో కాలిపోయిన మిక్సీ ఒకటి ఆ బొట్టు పుణ్యాన ఇప్పటికీ మా వంటింట్లో పెన్షన్ తీసుకుంటోంది. ఇంకేం, కార్బైన్‌కి ఒక్క బొట్టు పడిందంటే దానికి కూడా శాశ్వత నివాసం. గ్రీన్‌కార్డ్ కంటే గట్టిది.

పండగ పొద్దున అనసూయ కారుకి పూజ చేసి, పళ్లెం గరాజ్‌లోనే వదిలి, వంటింట్లోకి వెళ్లింది. నేను కార్బైన్ తెచ్చి బల్ల మీద పడుకోబెట్టాను. ఖాళీదేనని చూసుకున్నాను, అంతమాత్రం బుద్ధి ఉంది. పిడికి గంధం పూశాను. గంధం మీద కుంకుమ. చెయ్యి కాస్త ఉదారమైంది, గురి లేనివాడికి బొట్టు బారెడు. గుప్పెడు అక్షతలు చల్లాను. తూటాలు తోసే కంత పక్కనే ఉంటుందని, అది ఆశీర్వాదానికి కూడా నోరు తెరుస్తుందని నాకు తట్టలేదు.

ఇక నిమ్మకాయ. కారుకైతే చక్రాల కింద పెట్టి తొక్కిస్తాం. దీనికి చక్రాల్లేవు. అలాగని శాస్త్రం తప్పుతామా? లీవరు కిందికి లాగి చూస్తే, దానికీ తుపాకీకీ మధ్య సందు, ఎవరో ఓక్‌ట్రీ రోడ్ ఇండియన్ కొట్టు నిమ్మకాయని కొలిచి చేసినట్టుగా ఉంది. పెట్టాను. మూశాను.

పచక్.

రసం ఎటు పోయిందో నేను చూడలేదు. భక్తితో కళ్లు మూసుకున్నాను.

"ఏమండీ, దానికెందుకు బొట్టు?" గుమ్మంలో అనసూయ.

"ఆయుధపూజ ఆయుధానికి చేయకపోతే కుక్కర్‌కి చేస్తారా?"

ఆవిడ లోపలికెళ్లిపోయింది. మా కాపురంలో వాదన నేను నెగ్గడం అదే మొదలు. అప్పుడే అనుమానం రావాల్సింది.

పెట్టిన బొట్టు తుడవకూడదు కాబట్టి తుడవకుండానే పెట్టెలో పెట్టాను. శనివారం దాకా ఆ పెట్టెలో గంధం, కుంకుమ, నూనె, నిమ్మరసం ఒకదాన్నొకటి పరిచయం చేసుకుని, స్నేహం చేసుకుని, కాపురం పెట్టాయి.

శనివారం నర్సయ్యగారు, అనసూయ, నేను ముగ్గురం రేంజ్‌కి వెళ్లాం. నేను తూటాలు తోస్తుంటే అవి లోపలికి పోనంటున్నాయి.

"ఏంది బావగారు, గుంజులాడుతున్నరు?"

"కొత్తది కదా, సిగ్గు పడుతోంది."

ఎలాగో నాలుగు ఎక్కించాను. పిడికి చెంప ఆనించి, గురి పెట్టి, నొక్కాను. పేలింది. కాగితం కదల్లేదు. పోనీ, ఇంకా ఉన్నాయిగా అని లీవరు లాగితే సగం దాకా వచ్చి ఆగిపోయింది. చెమటలు పట్టాయి. ఒక చేత్తో నుదురు తుడుచుకున్నాను. లాభం లేకపోయింది. రూల్ ప్రకారం కార్బైన్‌ని కాగితాలవైపు పెట్టి, బల్ల మీద ఉంచి, చెయ్యెత్తాను.

రేంజ్ ఆఫీసర్ పేరు డగ్. అతనికి కనిపించిందేమిటంటే, చెయ్యెత్తి నిలబడ్డ ఒక పెద్దాయన. చెయ్యంతా ఎరుపు. నుదురు ఎరుపు. చెంప మీంచి ఎర్రగా కారి చొక్కా మీద పడుతోంది.

"సీజ్ ఫైర్," అని అరిచి, ఫస్ట్ ఎయిడ్ పెట్టెతో పరుగెత్తుకొచ్చాడు. అందరూ తుపాకులు దించేశారు. నేను మొదట్లో వర్ణించిన దృశ్యం ఇదే. అందరూ అంటే ఒక కుర్ర జంట, శాండ్‌విచ్ తింటున్న ఒక ముసలాయన. ఆయన దగ్గర దించడానికి శాండ్‌విచ్ తప్ప ఏమీ లేదు. అదీ దించలేదు.

"ఎక్కడ తగిలింది సార్?" అన్నాడు డగ్ ఇంగ్లీషులో.

"ఎక్కడా తగల్లేదు," అన్నాను దిగులుగా, కాగితాన్ని తల్చుకుని.

"రక్తం కారుతోంది."

"అది రక్తం కాదు. దేవుడిది."

డగ్ మొహంలో ఉన్న రక్తం కూడా పోయింది. నర్సయ్యగారు అడ్డొచ్చి, "బ్లడ్ గాదు సార్, పౌడర్, పౌడర్," అన్నారు. తుపాకుల చోట పౌడర్ అంటే మందుగుండు. డగ్ ఒకడుగు వెనక్కేశాడు. అనసూయ బ్యాగులోంచి టిష్యూ తీసి, చిన్నపిల్లాడికి తుడిచినట్టు నా చెంప తుడిచి, కింద గాయం లేదని అతనికి చూపించింది.

అప్పుడు డగ్ చూపు కార్బైన్ మీద పడింది. తూటాలన్నీ జాగ్రత్తగా బయటికి తీశాడు. వెనకాలే పసుపుపచ్చటి గింజలు ఒకటొకటిగా రాలాయి. ఒక నిమ్మగింజ. చివర్న తొక్క ముక్క. వాసన చూశాడు.

"ఇన్నేళ్లలో తుపాకుల్లో మట్టి చూశాను, కందిరీగల గూడు చూశాను," అన్నాడు నెమ్మదిగా. "భోజనం చూడ్డం ఇదే."

నర్సయ్యగారు వంగి చూశారు. "బియ్యం, పసుపు, నిమ్మకాయ. పులిహోర కలిపిన్రా బావగారు? పోపొక్కటే తక్కువైంది."

దేవుడు వరమిచ్చినా నిమ్మకాయ వరమివ్వలేదు. నేను తలొంచుకుని నిలబడ్డాను. కార్బైన్ రేపీపాటికి షాపులో ఉంటుందని తేలిపోయింది. కానీ డగ్ మంచివాడు. బ్రష్‌తో గీకి, నూనె వేసి, లీవరు నాలుగుసార్లు ఆడించి, "ఇప్పుడు కాల్చండి," అన్నాడు.

కాల్చాం. ఆహా, మళ్లీ భుజం మీద మనవరాలి చెయ్యి. నర్సయ్యగారు "ఈ పిచ్చుకతోని నాకేం పని" అని ముట్టుకోలేదు. అనసూయ కూడా సరదాకి కాసేపు పట్టుకుంది. డబ్బా ఖాళీ అయ్యాక కాగితం తెచ్చి చూస్తే, చెబితే నమ్మరు, మధ్య గుండ్రం జల్లెడైపోయింది. వియ్యంకుడు కాగితం చూశారు, నన్ను చూశారు, మాట్లాడలేదు. హవల్దారు నోరు మూయించడం కంటే పెద్ద పతకం ఏముంటుంది? కార్బైన్ ఇంట్లోనే ఉండిపోయింది. కాగితం ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. వచ్చినవాళ్లు దాన్ని చూడకుండా కాఫీ తాగలేరు.

కాబట్టి పాఠకులారా, గంధం సాక్షిగా, కుంకుమ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. బొందిలో ప్రాణముండగా, పేలే వస్తువు దేనిలోనూ పిండే వస్తువు పెట్టను. అక్షతలు మనుషుల నెత్తినే వేస్తాను.

ఇంతవరకూ రాసి అనసూయకి చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయల మీంచి తలెత్తకుండా అంది:

"అంతా బాగానే ఉంది. ఆ కాగితం మీద చిల్లులన్నీ నేను కాల్చినవని కూడా రాయండి. మీవన్నీ వెనకాల మట్టిగట్టులో ఉన్నాయి."