వాడంగ వాడంగ లూజైతయి

బూట్ల సోలు అతికించే రబ్బరు సొల్యూషన్ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న నయాపూల్ దగ్గర ఒక బూట్ల దుకాణంలోకి అడుగు పెట్టగానే అదే వాసన. ఏప్రిల్ నెల, పొద్దున పదిన్నర. అరవై దాటిన ఒక పెద్దాయన స్టూలు మీద కూర్చుని, వచ్చే వారం స్నేహితులతో నల్లమల కొండలెక్కబోతున్నానని సంబరంగా చెబుతున్నాడు. సేల్స్‌మన్ ఆయన పాదాన్ని ఒక నల్లటి బూటులోకి కుక్కుతున్నాడు. "జర టైటున్నట్టుంది భాయ్" అన్నాడు పెద్దాయన. "ఏం ఫికర్ లేదు సార్, వాడంగ వాడంగ లూజైతయి" అన్నాడు సేల్స్‌మన్ తలెత్తకుండా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్ల కిందట ఆ మాట అన్నది నేనే.

అప్పుడు నేను ఫలక్‌నుమా స్టేషన్ ఎదురుగా రాహేలక్క దగ్గర పనిచేసేదాన్ని. రేకుల షెడ్డు, రెండు కుట్టు మిషన్లు, గోడ పొడవునా పెట్టెలు. చెప్పులూ బూట్లూ తనే కుట్టేది, కొన్ని బయటి నుంచి తెప్పించి అమ్మేది. ఆమె భర్తది రైల్వేలో పట్టాల పని. కాలిన కంకర మీద రోజంతా నడిచొచ్చిన ఆయన కాళ్లు చూసి చూసి ఆమె ఈ విద్య నేర్చుకుంది. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి పనిచ్చింది గానీ, ఆ నోటికి మాత్రం తలుపూ గడియా లేవు. మొదటి ఆరు నెలలూ ఆమె మీద నాకు కోపమే.

ప్రయాణాలకు బూట్లు కావాలని ఎవరైనా పొద్దున్నే వస్తే వెనక్కి పంపేసేది. "పొద్దటి కాలు వేరు, పగటి కాలు వేరు. ఎండల తిరిగితే ఉబ్బుతది. మూడు గొట్టినంక రా." మూడు తర్వాత వచ్చినవాళ్లను కూడా ఊరికే వదిలేది కాదు. పాత చెప్పులు మా దగ్గర పెట్టించి, కొత్తవి తొడిగించి, "గా స్టేషన్ బ్రిడ్జి ఎక్కి దిగి రా పో" అనేది. ఎక్కుతున్నప్పుడు మడమ జారినా, దిగుతున్నప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకున్నా ఆ జత మళ్లీ పెట్టెలోకి పోవాల్సిందే. జనం అలా బ్రిడ్జి ఎక్కి దిగుతుంటే టీ కొట్టు దగ్గర అందరూ నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

"సోలు మాసిన జత మళ్లెవరు కొంటరక్కా?" అని ఒకసారి అడిగాను.

"సోలు మాసితే కడుగుతం. కాలు పోతే ఏం జేస్తవ్?" అంది.

ఒక ఆదివారం ఆమె చర్చికి వెళ్లింది. షెడ్డులో నేనొక్కదాన్నే. మొఘల్‌పురాలోని చిన్న గుడి పంతులుగారు వచ్చారు. నల్లమలలో రాళ్ల దారిన కొండదిగి ఒక గుహలోని శివుణ్ణి చూడాలని ఆయనకు ఎన్నాళ్ల నుంచో కోరిక. జీవితమంతా వట్టి కాళ్లతో గుడి బండల మీద తిరిగిన మనిషి, పాదాలు చేటల్లా వెడల్పు. "తోలుది మాత్రం వద్దమ్మా" అన్నారు. ఎప్పటి నుంచో అమ్ముడుపోని రెక్సిన్ బూట్లు తీశాను. కాలు అతి కష్టం మీద పట్టింది. మూడు దాటాక రమ్మంటే, "సాయంత్రం గుడి విడిచి రాలేను" అన్నారు. అక్క రాగానే ఆ పాత జత అమ్మేశానని గొప్పగా చెప్పుకోవాలనుకున్నాను. "వాడంగ వాడంగ లూజైతయి పంతులుగారూ" అన్నాను. బ్రిడ్జి ఎక్కమని చెప్పలేదు.

నెల తిరగకముందే ఆయన కర్ర పట్టుకుని వచ్చారు. ఎడమ కాలికి కట్టు. ఆ ఎండలో, గాలాడని రెక్సిన్‌లో వేలు ఒరుసుకుపోయిందట. షుగరు మూలాన ఆయనకు తెలియనే లేదు. నెత్తురు చూసి తోటివాళ్లు సగం దారిలోనే వెనక్కి తెచ్చారట. పుండై, చీము పట్టి, చివరికి చిటికెన వేలు తీసేశారు. చేతిసంచిలోంచి ఆ బూట్లు తీసి బల్ల మీద పెట్టారు. "ఇంకెవరికన్నా పనికొస్తయని తెచ్చిన. ఎవర్నేమంటం అమ్మా, నా నసీబు." ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

"నసీబు గాదయ్యా, నంబరు" అంది రాహేలక్క. "తప్పు మాది. దేవుని మీద వేయకు." తర్వాత నా వైపు తిరిగింది. నేను ముందే అందుకుని, "షుగరున్నదని ఆయన చెప్పలేదక్కా" అన్నాను.

"నువ్వు అడిగినవా?"

రాహేలక్క తోలు కోసే కత్తి తీసి, అందరూ చూస్తుండగా ఆ రెండు బూట్లనూ నిలువునా కోసి పారేసింది. నలుగురిలో పరువు తీసిందని రాత్రి ఇంటికెళ్లి ఏడ్చాను. నా మీద కాక ఆమె మీద కోపంతో ఏడ్చాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

పుండు మానాక, ఒక మధ్యాహ్నం మూడింటికి ఆయన్ను మళ్లీ పిలిపించింది. కింద అట్ట పరిచి, కొలత నన్నే తియ్యమంది. మోకాళ్ల మీద కూర్చుని పెన్సిల్‌తో పాదం చుట్టూ గీస్తూ వచ్చాను. వేలు లేనిచోటికి రాగానే చెయ్యి ఆగింది. "ఆగకు. గియ్యి" అంది. గీశాను. మందపు కాన్వాసుతో, టైరు రబ్బరు సోలుతో, వేళ్ల దగ్గర వెడల్పుగా ఇద్దరం ఆ జత కుట్టాం. ఆయన రెయిలింగ్ పట్టుకుని బ్రిడ్జి ఎక్కి దిగారు, బాగున్నాయన్నారు. కానీ కొండకు మళ్లీ వెళ్లలేదు. ధైర్యం చాలదమ్మా అన్నారు. కొండంత కోరికను నేను ఒక్క మాటతో చంపేశాను.

రాహేలక్క పోయి ఆరేళ్లవుతోంది. షెడ్డు కూడా లేదు. ఆ మాట మాత్రం ఊళ్లో ప్రతి దుకాణంలోనూ బతికే ఉంది.

మొన్న నయాపూల్‌లో నేను పెద్దాయన ముందు కింద కూర్చున్నాను. "మేడం, మీకేం పని?" అన్నాడు సేల్స్‌మన్.

"మీకు షుగరున్నదా?" అని పెద్దాయన్ను అడిగాను.

"ఉన్నదమ్మా, పన్నెండేండ్ల నుంచి. గిదేంది, ఏ దుకాణంల ఎవ్వరు అడగలే."

బూటు లాగేశాను. చిటికెన వేలి పక్కన చర్మం అప్పటికే ఎర్రగా కందిపోయింది. నొప్పి ఏమీ తెలియలేదన్నాడు.

"మూడు గొట్టినంక రండి. నేను గీడనే ఉంట" అన్నాను. మూడింటి దాకా ఆ దుకాణం మెట్ల మీదే, ఎండలో కూర్చున్నాను. కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా నాకు లేదు.