అక్క ఉన్న ఫోటో తీసేవాళ్ళు కావాలి

మా అమ్మాయి పెళ్ళిలో ఫోటోల బాధ్యత నా మీద పడింది. అంతకన్నా పెద్ద బాధ్యతలేవీ నాకు మిగల్లేదు. పురోహితుడు లేకుండా పెళ్ళి చేద్దామని నేను ఒక సాయంత్రమంతా వాదించాను. వియ్యపురాలు ఒక్క మాటకి కూడా ఎదురు చెప్పలేదు. "తమరు చెప్పింది నిజమేనండీ, మీ ఇష్టమేనండీ" అంటూ విన్నారు. చివర్లో కాఫీ గ్లాసు కింద పెట్టి, "పంతులుగారు మాత్రం మా తరఫున వస్తారండీ" అన్నారు. మూఢనమ్మకాల మీద ఊరూరా తిరిగి మాట్లాడినవాణ్ణి, ఎన్నో సభల్లో అరుపుల మధ్య నిలబడినవాణ్ణి. అరిచేవాళ్ళతో గెలవచ్చు. కోనసీమ మర్యాదతో ఎవడూ గెలవలేడు.

ఫోటోగ్రాఫర్ని వెతకడానికి బయల్దేరుతుంటే మా అమ్మాయి ఒకే ఒక్క షరతు పెట్టింది.

"డ్రోను ఉంటే ఉండనీ, లేకపోతే లేకపోనీ నాన్నా. అత్త ఫోటోలో ఉండాలి. అలా తీసేవాళ్ళని చూడు."

అత్త అంటే మా అక్క. బావ పోయాక మా ఇంటికొచ్చి మాతోనే ఉండిపోయింది. డ్రిల్ టీచరుగా పనిచేసి రిటైరయింది. ఆవిడ ఈల ఊదితే ముక్తేశ్వరం బడిలో పిల్లలే కాదు, హెడ్మాస్టరు కూడా నిటారుగా నిలబడేవారు. మా ఆవిడకి బ్యాంకు, నాకు సభలు. పిల్ల పెరిగింది అక్క చేతుల్లో. జ్వరమొస్తే అత్త, సైకిల్ నేర్చుకోవాలంటే అత్త, పరీక్ష పోతే తిట్లకీ అత్తే, తర్వాత పెసరట్టుకీ అత్తే.

అలాంటి మనిషి పెళ్ళి ఫోటోల్లో లేదు. బావ పోయాక జరిగిన ఒక్క పెళ్ళిలోనూ లేదు. మా చుట్టాల ఆల్బమ్‌లన్నీ తిరగేసి మా అమ్మాయి కనిపెట్టిన సంగతి ఇది. ఒక ఫోటోలో మోచెయ్యి దొరికింది, ఇంకోదాంట్లో పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోతున్న వీపు. భర్త పోయిన ఆడది పెళ్ళి వేదిక ఎక్కకూడదని మా వాళ్ళెవరూ ఈ రోజుల్లో అనరు. అంటే నేను ఊరుకోనని వాళ్ళకి తెలుసు. కానీ రమ్మని కూడా ఎవరూ అనరు. కెమెరా పైకి లేవగానే అక్కకి వంటశాలలో ఏదో పని గుర్తొస్తుంది. ఎవరి నోటా మాట రాకుండా పని జరిగిపోతుంది. ఎవడైనా అడ్డంగా నిషేధిస్తే చీల్చి చెండాడవచ్చు. అందరూ నవ్వుతూ దారిచ్చే నిషేధంతో ఎలా పోట్లాడతాం?

మొదట అమలాపురంలో పేరున్న స్టూడియోకి వెళ్ళాను. ఏసీ గది, గోడ నిండా ఓడలరేవు సముద్రంలో మోకాళ్ళ దాకా దిగి నవ్వుతున్న జంటలు. యజమాని చాలా గౌరవంగా కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళు తెప్పించాడు. నేను నా పద్ధతిలో మొదలుపెట్టాను. వితంతువుల పట్ల మన సమాజం చేసిన అన్యాయం, చదువుకున్నవాళ్ళ పిరికితనం, శుభాశుభాలన్న కల్పన. ప్రతి వాక్యానికీ "ఆయ్" అన్నాడు. ఇంకాస్త ఉత్సాహంగా చెప్పాను. "ఆయ్ అండీ, ఆయ్" అన్నాడు. ఇంత చైతన్యం ఉన్న మనిషిని చూసి ఎన్నాళ్ళయిందోనని పొంగిపోయి అడ్వాన్సు కోసం జేబులో చెయ్యి పెట్టాను. ఎందుకో ఆగి, మీరు తీసిన ఆల్బమ్ ఒకటి చూపించమన్నాను.

బరువైన ఆల్బమ్. పేజీ పేజీకీ బంధువులు. "ఇందులో పెళ్ళికూతురి నాయనమ్మ ఎక్కడండీ?" అన్నాను.

"పెద్దావిడాండీ? ఆవిడకి ఆయన లేరండీ."

"లేకపోతే?"

"అలాంటివాళ్ళు పొరపాటున ఫ్రేములోకి వచ్చినా ఆల్బమ్‌లో కట్ చేసేస్తామండీ. పార్టీ వాళ్ళు ఫీలవుతారు కదండీ."

ఇంతసేపూ నేను చెప్పింది ఏమైందని అడిగాను.

"చాలా బాగా చెప్పేరండీ" అన్నాడు.

కొబ్బరినీళ్ళు సగంలో వదిలేసి లేచాను. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఫోటోగ్రాఫర్ దగ్గరికెళ్తే నేను మాట్లాడకూడదు. ఆల్బమ్ తెరిచి, అందులో ఎవరు లేరో చూడాలి. పెళ్ళికూతురి నగలు ఎలా మెరిశాయో ఎవడైనా చూపిస్తాడు. ఆ ఇంట్లో ఎవరు కనబడ్డం లేదో మనమే వెతుక్కోవాలి.

రెండోవాడు కొత్తపేట కుర్రాడు. గడ్డం, పిలక, మెళ్ళో రెండు కెమెరాలు. నేను మాట్లాడకుండా ఆల్బమ్ తిరగేస్తుంటే వాడికే కంగారుపుట్టి, ఏం కావాలో చెప్పమన్నాడు. చెప్పాను.

"ఓస్, ఇంతేనా అండీ! ఆవిడకి తెలియకుండా తీసేస్తానండీ. నా దగ్గర పెద్ద లెన్సుంది. స్తంభం చాటునుంచి కొడితే ఆవిడ పక్కనున్నవాళ్ళకి కూడా తెలీదండీ. క్యాండిడ్ అంటారండీ దాన్ని."

నాకు భలే నచ్చింది. ఇంటికొచ్చి విజయం సాధించినట్టు చెప్పాను. మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది.

"స్తంభం చాటునుంచా?"

"ఆవిడకి తెలీదు కదా, ఇబ్బంది పడదు."

"పెళ్ళిలో ఆవిడ దాక్కుంటుంది, వాడూ దాక్కుంటాడు. ఇద్దరూ దాక్కుని తీయించుకున్న ఫోటో నాకెందుకు నాన్నా? నా పక్కన నిలబడాలి. నిలబడ్డానని ఆవిడకి తెలియాలి. నువ్వు ఏ మీటింగులోనైనా ఇలాంటిది ఒప్పుకుంటావా?"

ఒప్పుకోను. కూతురికి వాదనలు నేర్పి పెంచితే ఇదీ ఫలితం.

ఇదంతా వంటింట్లోంచి అక్క వింటోందని మాకు తెలీదు. చేతిలో గరిటెతో బయటికొచ్చింది.

"ఏరా, నా ఫోటో కోసం జిల్లా అంతా టాంటాం వేస్తున్నావంట?"

"వేస్తే తప్పేంటక్కా? నువ్వు పక్కన నిలబడితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. నాకు తెలీదా? సైన్సు టీచరు రాకపోతే గ్రహణం పాఠం చెప్పింది నేనే."

"మరి?"

"మరేంటి? రేప్పొద్దున్న పిల్లకి కాస్త జలుబు చేసినా, కుర్రాడికి ప్రమోషన్ రాకపోయినా, పెళ్ళిలో ఆవిడ నిలబడింది కదా అంటారు. అనేవాళ్ళు నీ ముందు అనరు. నా మొహం మీదా అనరు. పిల్లకి వినబడేలా అంటారు. అప్పుడు నువ్వు ఏ ఊళ్ళో ఉపన్యాసమిస్తూ ఉంటావో! నేను పక్కకి తప్పుకుంటే ఎవరికీ ఏమీ పోదు. నన్నొదిలెయ్యండి."

మా అమ్మాయి, "అలా అంటే, మేం బాగున్న రోజులన్నీ కూడా నీ వల్లేనని నేనూ చెప్తానత్తా. ఎవరి లెక్క వాళ్ళది" అంది. అక్క నవ్వలేదు. లోపలికెళ్ళి చట్నీకి పోపు పెట్టింది.

మూడో ఫోటోగ్రాఫర్ సంగతి మా ఆవిడ బ్యాంకులో స్నేహితురాలు చెప్పింది. రాజోలు దగ్గర పల్లె నుంచి ఒకమ్మాయి, చర్చి పెళ్ళిళ్ళూ తీస్తుంది, హిందూ పెళ్ళిళ్ళూ తీస్తుంది. ఈ మాట బయటికి రాగానే మా బావమరిది ఫోన్ చేశాడు.

"క్రైస్తవులమ్మాయికి మన పెళ్ళి తంతు ఏం తెలుస్తుంది బావా? జీలకర్రా బెల్లం టైముకి ఎటో చూస్తూ ఉంటుంది."

"తంతు తెలిసినవాళ్ళు తీసిన పెళ్ళిళ్ళలో మనకి కనబడేది ఏంటోయ్? వాళ్ళ వీపులు. నీ పెళ్ళిలో తాళి కట్టడం నేను చూడనే లేదు. కట్టావని నమ్మకం మీద భోజనం చేశాను."

ఆ అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. గలగలా మాట్లాడే మనిషి. నా నియమం ప్రకారం నోరు మూసుకుని చెయ్యి చాపాను. ఆల్బమ్ ఇచ్చింది. దాన్ని నా చేతిలోంచి అక్క లాక్కుంది. పెళ్ళి ఆల్బమ్ అంటే ఆవిడకి చెప్పలేనంత ఇష్టం. తను ఉండకపోవడమే గాని, చూడ్డానికి ఎప్పుడూ ముందుంటుంది.

చర్చి పెళ్ళి. పెళ్ళికూతురు తెల్ల పట్టుచీరలో ఉంది. పక్కన, సరిగ్గా నడిమధ్యన, ఇంకో తెల్లచీర. ముసలావిడ. అందరికన్నా ఆవిడే ఎక్కువ నవ్వుతోంది.

"ఈవిడెవరమ్మా?" అంది అక్క.

"పెళ్ళికొడుకు నాయనమ్మండీ. మొదటి ఫోటో ఆవిడతోనే తియ్యమన్నారండీ."

"తాతగారు?"

"పోయి చాలాకాలం అయిందండీ."

అక్క ఆ పేజీ తిప్పలేదు. ఆ అమ్మాయి టీ తాగుతూ, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అడిగింది. "మేనత్తగారు మీరే కదండీ? పెళ్ళికూతురికి ఏ పక్క నిలబడతారండీ?"

"నేను నిలబడనమ్మా."

"అయ్యో, ఎందుకండీ? మోకాళ్ళ నొప్పులా?"

అక్క నోరు తెరిచింది. ఇన్నేళ్ళలో ఎవరూ ఆవిణ్ణి ఎందుకని అడగలేదు. అడిగితే ఆ కారణాన్ని తన నోటితో, ఒక పరాయి పిల్ల ముందు, పూర్తి వాక్యంగా చెప్పాలి. చెప్పడానికి చూసింది గాని, ఆ వాక్యం ఆవిడకే రుచించలేదనుకుంటాను. ఆ అమ్మాయి నిజంగా తెలీక అడిగిందో, తెలిసే అడిగిందో నాకిప్పటికీ తెలీదు.

"కుర్చీ వేయిస్తానండీ, కూచోండి పోనీ" అంది ఆ అమ్మాయి.

"కుర్చీనా? నాకా?" అక్క ముఖం ఎర్రబడింది. "ఎండలో రోజంతా పెరేడ్ చేయించినదాన్ని. నిలబడలేకపోవడమేంటి?"

"అయితే నిలబడండీ. ఎడం పక్క వేసుకుంటానండీ."

అడ్వాన్సు ఇచ్చేశాం.

పెళ్ళి అమలాపురం కల్యాణమండపంలో, పొద్దుటి ముహూర్తం. తంతు మొదలవకముందే ఇంటివాళ్ళ ఫోటో తీసేద్దామని ఆ అమ్మాయి ముందే చెప్పింది. అందరం వేదికెక్కాం. అక్క లేదు. ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకుల డబ్బాలు సర్దించడానికి భోజనాల హాల్లోకి వెళ్ళిందన్నారు. నాకు తెలిసిన కథే. మా బావమరిది వాచీ చూసుకున్నాడు. పంతులుగారు గొంతు సవరించుకున్నారు. మా అమ్మాయి, "అత్త రావాలి" అని తల దించుకుని కూర్చుంది. బుగ్గన పెట్టిన చుక్క పక్కనుంచి చెమట జారుతోంది. ఫోటోగ్రాఫర్ అమ్మాయి కెమెరా దించేసి, "తొందరేం లేదండీ" అంది. వేదిక మీద అందరికీ తొందరగానే ఉంది.

నేను వెళ్ళి లాక్కొద్దామని రెండడుగులు వేశాను. మా ఆవిడ నా కండువా పట్టుకుని ఆపింది. "మీరెళ్తే ఉపన్యాసం అవుతుంది."

అప్పుడు భోజనాల హాలు తలుపులోంచి అక్క వచ్చింది. ఒక్కత్తే కాదు. చేయి పట్టుకుని ఒక సన్నటి పెద్దావిణ్ణి నడిపించుకొస్తోంది. ఆవిడ వద్దు వద్దంటోంది. అక్క వినడం లేదు. చూస్తే పెళ్ళికొడుకు అమ్మమ్మ. ఆవిడ పెళ్ళికొచ్చినట్టే నాకు తెలీదు.

తర్వాత అక్క చెప్పింది. "పూతరేకుల డబ్బాల వెనకాల మూలన ఒక్కత్తీ ఇడ్లీ తింటోందిరా. మనవడి పెళ్ళి జరుగుతోంటే ఇక్కడేం చేస్తున్నారండీ అన్నాను. లోపల ఉక్కగా ఉందండీ అంది. అక్కడ ఏసీ, ఇక్కడ పొయ్యిలు! ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. మనవడి పెళ్ళి వదిలేసి ఇలా నక్కి కూచోడమేంటని తిట్టబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, నేనేం చేస్తున్నానో."

ఇద్దరూ వేదిక దగ్గరకొచ్చారు. మెట్ల దగ్గర మా వియ్యపురాలు తల్లిని చూసి ఒక్క క్షణం అలాగే నిలబడిపోయారు. తర్వాత చెయ్యందించారు. హాల్లో మూడో వరసలో ఎవరో ఇద్దరు తలలు దగ్గరపెట్టుకున్నారు. అక్క ఆ వైపు ఒకసారి చూసింది, బడి ప్రేయరులో మాట్లాడే పిల్లల్ని చూసినట్టు. తలలు విడిపోయాయి.

"ముహూర్తం దాటిపోతుందండీ" అన్నారు పంతులుగారు. నేను ఆయనకి జవాబు చెబుదామనుకునేలోపే పెళ్ళికొడుకు, "ఒక్క ఫోటో పంతులుగారూ, మా అమ్మమ్మండీ" అన్నాడు. అల్లుడి మీద నాకు మొదటిసారి మనస్ఫూర్తిగా నమ్మకం కుదిరింది.

అక్క పిల్లకి ఎడం పక్క నిలబడింది, నిటారుగా, చేతులు వెనక్కి కట్టుకుని. పెద్దావిణ్ణి మనవడు తన పక్కకి లాక్కున్నాడు. "పెద్దవాళ్ళిద్దరూ ఇంకాస్త దగ్గరికండీ, ఆయ్, అంతే" అంటూ ఆ అమ్మాయి కెమెరా నొక్కింది. పంతులుగారు పసుపు అందుకోబోయారు.

"ఆగండి ఆగండి" అంది అక్క. గబగబా వేదిక దిగి కెమెరా వెనకున్న తెర మీదకి వంగి చూసింది. "నేను కళ్ళు మూసుకున్నాను. ఇంకోటి తియ్యమ్మా."

"నా కళ్ళు తెరిచే ఉన్నాయిగా?" అని వేదిక మీంచి అడిగింది పెద్దావిడ.

"మీరు బాగానే ఉన్నారు. నాకోసం ఇంకోసారి నిలబడండి" అని అక్క మళ్ళీ మెట్లెక్కింది.