నా పరుపు మీద ఆయన నిద్ర

దిగులుకు వేసుకునే గోలీని డాక్టరు చెప్పినట్టే కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నాను. సగం గోలీకి వచ్చినప్పటి నుంచి, పదిహేను రోజులుగా, కంటి మీద కునుకు లేదు. తప్పంతా పరుపుదేనని మా అత్తమ్మ తేల్చి, ఈ రోజు పొద్దున్నే దూదేకే మల్లయ్య తాతను పిలిపించింది.

ఆయన వాకిట్లో కూర్చుని, గడ్డలు కట్టిన దూదంతా ఏకి, మధ్యాహ్నానికి పరుపు మళ్ళీ కుట్టేశాడు. ఎక్కడైనా గడ్డ మిగిలిందేమో చూస్తానని దాని మీద నడుం వాల్చాడు. అంతే, గురక. కొమురవెల్లి బస్సు హారను కొడుతూ పోయినా కదల్లేదు. నా పరుపు మీద మొదటి నిద్ర ఆయనదే అయింది. లేపుదామంటే అత్తమ్మ వద్దంది. గంటసేపు గడప మీద కూర్చుని, నోరు తెరిచి పడుకున్న ఆ ముసలాయన్ను చూసి కుళ్ళుకున్నాను.

లేచాక అడిగాను, "గంత నిద్ర ఎట్ల వస్తది తాతా నీకు?"

"నాకేం ఎరుక బిడ్డా, అది వచ్చేసరికి నేను ఉండనాయె."

ఇప్పుడే సగం గోలీ వేసుకున్నాను. పరుపు మాత్రం మెత్తగా ఉంది. మీలో తల వాల్చగానే నిద్రపోయేవాళ్ళుంటే పేర్లు చెప్పండి. రాత్రంతా నాకు తీరికే, ఒక్కొక్కరినీ తలుచుకుని కుళ్ళుకుంటాను.