వీపు చాటు దారి

దర్జీ మాస్టారు సైకిల్ యాత్రకు సామాను సర్దుతుంటే ఇంట్లోవాళ్లకు అదో వేడుక. బరువు తగ్గాలని టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసేస్తాడు. రెండో చొక్కాను అరచేతిలో ఆడించి చూసి, పెదవి విరిచి, అల్మరాలో పెట్టేస్తాడు. వేసుకునే చొక్కా గాలికి ఉబ్బకుండా పక్కలు బిగించి కుడతాడు. సంచులు హ్యాండిల్‌కు వేలాడకూడదు. అన్నీ సీటు వెనక, తన వీపు చాటునే ఉండాలి. భార్య బతికున్నన్నాళ్లూ ఆమె సైకిలూ ఆ చాటునే సాగేది. ఎదురుగాలంతా ఆయన వంతు.

ఈసారి కూతురు తోడు వచ్చింది. పొడవాటి వంతెన మీద గాలి ఎదురు తిరిగేసరికి ఆయన మోకాళ్లు మొరాయించాయి. ఇక్కడ దిగిపోతే ఇంట్లోవాళ్లు మళ్లీ సైకిల్ ముట్టనివ్వరు.

"నాన్నా, నా వెనక్కి రా."

"నేనా? నీ వెనకా?"

"బెట్టు తర్వాత చేద్దువుగానీ, ముందు రా."

వెళ్లాడు. చెవుల్లో హోరు తగ్గింది, పెడల్ తేలికపడింది. కళ్లెదుట మాత్రం చెమటకు తడిసిన కూతురి వీపే.

"వస్తున్నావా?" అని ఆమె కేకేసింది.

"వస్తున్నానే. ఆ కొండ చూశావా, ఈ ఏరు చూశావా అని మీ అమ్మను దారంతా అడిగేవాణ్ణి. అన్నిటికీ చూశానండీ అనేది," అన్నాడు. కాసేపు తొక్కాక మళ్లీ అన్నాడు, "ఏం చూసిందే, పిచ్చిది!"