మా తమ్ముడు నల్లరాయి దాకా పరిగెత్తిన సంగతి

మా తమ్ముడు టైలరు. ఈ మాట నేను తేలిగ్గా చెప్పడం లేదు. సైనిక శిబిరం గేటుకు ఎదురుగా, ఎనిమిదడుగుల వెడల్పున్న కొట్లో ముప్పై ఒక్క ఏళ్ళుగా యూనిఫాంలు కుడుతున్నాడు. చేత్తో కాజాలు తీయడం ఒక్క పూటలో నేర్చినవాడు. ఒకసారి కవాతుకు కొత్త బట్టలు కావాలని అధికారులు హడావిడి పడితే తొమ్మిది రోజుల్లో నూట నలభై చొక్కాలు దించాడు. ఒక్కటీ వెనక్కి రాలేదు. వాడు వేసిన కుట్టు ఊడిందని ఇంతవరకు ఎవరూ ఆ కొట్టు మెట్టెక్కలేదు. నేను పల్లెటూరి బళ్ళో ఐదో తరగతి దాకా చదివి లారీ నడిపినవాణ్ణి. రాతలో తప్పులుంటే మన్నించాలి, లెక్కల్లో మాత్రం తప్పుండదు.

శిబిరంలో కొత్తగా చేరిన ప్రతివాడూ వాడి ముందు చేతులు చాపి నిలబడవలసిందే. వీడు కొలతలు తీసుకుంటాడు, పేరు అడుగుతాడు, ఆ పేరు పట్టీ మీద కుట్టి జేబుపైన అతికిస్తాడు. తరవాత వాళ్ళు సరిహద్దులకు వెళ్ళిపోతారు. చాలామంది తిరిగొచ్చి పలకరిస్తారు. కొందరు రారు. శిబిరం లోపల, మైదానం చివర ఒక నల్లరాయి ఉంది. రానివాళ్ళ పేర్లు దాని మీద చెక్కుతారు. అందులో ఇరవై మూడు పేర్లు మొదట మా తమ్ముడి చేతిలో దారంతో పడినవే. కానీ బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. అన్నేళ్ళు ఎదురుగా కూర్చుని కూడా వాడు ఆ రాయిని ఒక్కసారి చూడలేదు.

వాణ్ణి పరుగులోకి దింపినవాడు గేటు సార్. మందుపాతర పేలి ఎడమకాలు తొడ దాకా పోతే, ఆయనకు గేటు దగ్గర రిజిస్టరు పని ఇచ్చారు. పాత అలవాటు కొద్దీ ప్యాంటు కుట్టించుకోవడానికి మా వాడి దగ్గరికే వచ్చాడు. ఎడమవైపు పొట్టిగా మూసి కుట్టమని చెప్పి మరీ వెళ్ళాడు. మా వాడిది ఇరవై ఏళ్ళుగా ఆయనకు కుడుతున్న చెయ్యి కదా, ఏదో ఆలోచనలో ఉండి రెండు కాళ్ళూ సమానంగా కత్తిరించి కుట్టేశాడు. ఆయన వచ్చి విప్పి చూసేదాకా వీడికి ఆ సంగతే తట్టలేదు.

“క్షమించండి సార్. చెయ్యి దానంతటదే నడిచింది.”

గేటు సార్ ఆ ఖాళీ కాలు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసి పకపకా నవ్వాడట. “పోనీలే మాస్టారూ, ఈ రెండోది నువ్వు తొడుక్కో. నా బదులు నాలుగడుగులు పరిగెత్తు. కాస్త పొట్టయినా తగ్గుతుంది.”

వెళ్ళబోతూ ఇంకో మాట కూడా చెప్పాడు. ఏడాదికోసారి శిబిరంవాళ్ళు పరుగు పెడతారు, ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఆరింటికి బయలుదేరి తొమ్మిదిలోపు గేటు చేరినవాళ్ళను, ఆ ఒక్కరోజు, రాయి దాకా వెళ్ళనిస్తారు.

ఆ సాయంత్రం వాడు మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పాడు. “అన్నయ్యా, నేను పరిగెత్తుతాను.”

“ఎవరి నుంచిరా?”

“నవ్వకు. వాళ్ళక్కడ కాపలా ఉండబట్టే కదా నేనిక్కడ కొట్టు తెరుచుకుని నిశ్చింతగా కూర్చున్నది. ఒక్కసారి ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పి రావాలి.”

అప్పటికి వాడికి యాభై రెండేళ్ళు. బస్సు వెనక పది అడుగులు పరిగెత్తినా రొప్పేవాడు. మొదటిరోజు కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటూ నాలుగు స్తంభాలు పరిగెత్తి ఐదోదాన్ని కౌగిలించుకున్నాడు. మా మరదలు నాతో మొత్తుకుంది. “బావగారూ, మీరైనా చెప్పండి. పొద్దున్నే పాలవాడు వచ్చి, మాస్టారు ఎవరికైనా దొరక్కుండా పారిపోతున్నారా అమ్మా అని అడిగాడు. నేనేం చెప్పను?”

కానీ మిషను తొక్కిన కాళ్ళండీ అవి! ఊపిరి ఒకటి కుదిరాక కాళ్ళు ఆగలేదు. రెండో నెలకు మూడు కిలోమీటర్లు, ఐదో నెలకు పది, తొమ్మిదో నెలకు పద్దెనిమిది. కాలిగోళ్ళు రెండు నల్లబడి ఊడాయి. ఒక్కరోజు కూడా కొట్టు ఆలస్యంగా తెరవలేదు. పరుగుకు పదిరోజుల ముందు ఇరవై ఒక్క కిలోమీటర్లూ రెండు గంటల యాభై నిమిషాల్లో పూర్తి చేశాడు. నేను స్కూటరు మీద వెనకే వెళ్ళి మీటరు చూసి మరీ రాసుకున్నాను.

గేటు సార్ అప్పుడప్పుడూ సలహాలిచ్చేవాడు. ఆఖరున గట్టిగా చెప్పిన మాట ఒకటే. “ఆ రోజున కొత్తది ఏదీ వేసుకోకు మాస్టారూ. ఏడాదంతా వేసుకున్న మెత్తటి నిక్కరే వేసుకో.”

వీడు విన్నాడా? లేదు. ఆ రాయి ముందుకు వెలిసిపోయిన నిక్కరుతో ఎలా వెళ్ళను అనుకుని, మందపాటి మిలిటరీ గుడ్డతో కొత్త నిక్కరు కుట్టుకున్నాడు. లోపలివైపు మూడు వరసల కుట్టు. గంజి పెట్టి ఇస్త్రీ చేసి, కత్తిలాంటి మడత తీసి మరీ తొడుక్కున్నాడు.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర, మంచినీళ్ళ బల్ల పక్కన, నేనూ మరదలూ ఎదురుచూస్తున్నాం. వాడు కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వచ్చాడు. తొడల లోపల చర్మం ఒలిచినట్టయి నెత్తురు మోకాళ్ళ దాకా కారింది. అరుగు మీద కూలబడ్డాడు.

“ఆ కుట్టు విప్పేయండి,” అంది మరదలు, చీర కొంగు నుంచి పిన్నీసు తీస్తూ.

“గుడ్డ చిరక్కుండా చూడు!”

“ఇక్కడ మనిషి చిరిగిపోతుంటే మీకు గుడ్డ గొడవా?”

ఒక వరస ఊడితే ఇంకో వరస. పిన్నీసు వంగిపోయింది. మరదలు పళ్ళతో కూడా లాగింది. “ఎవరు కుట్టారండీ దీన్ని?” అని పరుగువాళ్ళకు నీళ్ళిచ్చే అమ్మాయి అడిగితే, ఆ నొప్పిలో కూడా “నేనే” అన్నాడు మా తమ్ముడు, కాస్త గర్వంగానే. అంచు నుంచి పైదాకా విప్పి, గుడ్డను బయటికి మడిచి, ఒలిచినచోట వ్యాజలైను రాసి లేపేసరికి పదకొండు నిమిషాలు పోయాయి. వద్దు, బండెక్కు అన్నాను. నా వంక చూడకుండానే పరుగందుకున్నాడు.

మేం స్కూటరు మీద ముందే గేటు చేరి నిలబడ్డాం. తొమ్మిదయింది. మా కళ్ళముందే ఇనుప తలుపులు మూశారు. వాడు వచ్చింది తొమ్మిదీ నాలుగుకు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. లోపల గేటు సార్, చేతిలో గడియారం.

మరదలు ఆగలేకపోయింది. “ముప్పై ఏళ్ళు మీ అందరి ఒంటి మీద బట్ట కుట్టాడయ్యా! నాలుగు నిమిషాలు ఓర్చుకోలేరా?”

“నువ్వూరుకో,” అన్నాడు మా తమ్ముడు. రొప్పు తగ్గాక గేటు సార్‌తో అన్నాడు. “తీయకండి సార్. తీస్తే మీకు మాట వస్తుంది.”

ఆయన గడియారం జేబులో వేసుకున్నాడు. రిజిస్టరు ఇంకొకరికి అప్పజెప్పి, పక్కనున్న చిన్న తలుపులోంచి కర్రల మీద బయటికి వచ్చి, మా తమ్ముణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి తనూ పక్కనే కూర్చున్నాడు.

“చెప్పు మాస్టారూ. ఎవరెవరిని చూద్దామని వచ్చావు?”

అప్పుడు వాడు ఒక్కొక్క పేరే చెప్పాడు. పేరు వెంట కొలతలు. ఒకరి మెడ పదిహేనున్నర, పై బొత్తాం ఎప్పుడూ బిగుతే. ఒకరి ఎడమ భుజం అరంగుళం కిందికి. లోపల పొర గుడ్డ పెట్టి సమం చేశాడు, ఆ మనిషికే తెలియదు. “ఇతనికి పంతొమ్మిదేళ్ళు సార్. ఇంకా ఎదుగుతాడని చేతుల దగ్గర గుడ్డ లోపలికి మడిచి కుట్టాను. విప్పించుకోడానికి రాలేదు.”

“ఆ భుజం సంగతి నాకు తెలియదయ్యా. రెండేళ్ళు పక్క పక్క మంచాలు మావి,” అన్నాడు గేటు సార్. మా మరదలు అప్పటిదాకా తిట్టిన నోటితోనే, మంచినీళ్ళు తాగుతారా అని ఆయన్ని అడిగింది.

పుళ్ళు మానడానికి మూడు వారాలు పట్టింది. నాలుగో వారం వాడు మళ్ళీ స్తంభాల వెంట పడ్డాడు.

మరుసటి ఏడు పాత నిక్కరే వేసుకున్నాడు. ఎనిమిదీ యాభై ఒకటికి గేటు దాటాడు. అంటే రెండు గంటల యాభై ఒక్క నిమిషాలు. ఇది శిబిరంవాళ్ళ కాగితం మీదే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. గేటు సార్ రిజిస్టరులో వాడి పేరు తన చేత్తోనే రాశాడు. మేమిద్దరం బయటే నిలబడ్డాం. కాసేపటికి వాడు వచ్చాడు, ముఖమంతా తడి.

“చెప్పారా ఆ మాట?” అంది మరదలు.

“ఎక్కడ? నోరు తెరిస్తే రొప్పే తప్ప మాట రాలేదు. ఈలోపు వెనకవాళ్ళకు చోటివ్వమన్నారు.”

“మరి ఏం చేశారు అంతసేపూ?”

“ఇరవై మూడూ చదివాను,” అన్నాడు మా తమ్ముడు. స్కూటరు ఎక్కబోతూ నా భుజం పట్టుకుని ఆగాడు. “పేర్లు ఇంకా ఉన్నాయన్నయ్యా. నేను కొట్టు పెట్టకముందువి. వాళ్ళెవరో నాకు తెలియదు. వచ్చే ఏడు ఇంకొంచెం ముందుగా చేరాలి.”