సిమెంటు రేవుకు వచ్చిన బతుకమ్మ

సూరత్‌లో మా బమ్రోలి సందుల వెనక పారేదాన్ని ఇక్కడివాళ్ళు ఖాడీ అంటారు. నిజానికి అది వాగు. వానాకాలంలో ముసురు పట్టిందంటే ఇళ్ళలోకి వచ్చి గోడల మీద గుర్తు పెట్టి మరీ పోతుంది. మిగతా రోజుల్లో అది వాగంటే ఎవరూ ఒప్పుకోరు. పాండేసర మిల్లుల రంగునీళ్ళు, మా పాయిఖానాల నీళ్ళు మోసుకుంటూ సముద్రం వైపు పోతుంటుంది. మేం ముక్కు మూసుకుని దాటుతుంటాం.

ఒక్క చోట మాత్రం గుడ్డిలో మెల్లలా నయంగా ఉండేది. మా సందు చివర వాగు మెలి తిరిగే చోట నీళ్ళు నెమ్మదించి, తుంగలోకి, జమ్ములోకి పాకేవి. మోకాలి లోతు నల్లటి బురద. గట్టు మీద ఎవరూ నాటకుండానే గునుగు పూసేది. మగ్గాల మీద పనికి నాన్న సూరత్ వచ్చిన కొత్తలో, బతుకమ్మను ఎక్కడ సాగనంపాలో తెలియక అమ్మ వాగు పొడుగునా నడిచి ఆ వంపును పట్టుకుందట. అక్కడ కప్పలు అరుస్తున్నాయి, అంటే నీళ్ళలో ప్రాణం ఉంది అనుకుందట. అప్పటి నుంచి మా తెలంగాణ ఆడవాళ్ళందరి బతుకమ్మలూ అక్కడే నీళ్ళలోకి దిగేవి.

నేను మునిసిపల్ బడిలో సైన్సు టీచర్ని. ఒక ఏడాది పిల్లల్ని తీసుకుని వంపుకు పైనొక గ్లాసు, కిందొక గ్లాసు నీళ్ళు ముంచాం. నైట్రేటు ఉంటే గులాబీ రంగుకు తిరిగే మందుచుక్కలు వేశాం. పై గ్లాసు బీట్‌రూట్ రసంలా అయింది. కింది గ్లాసు లేత గులాబీ. మధ్యలో ఉన్నది ఆ తుంగా బురదా మాత్రమే. పిల్లలు నన్ను నమ్మలేదు. "బురద నీళ్ళను కడుగుతుందా మేడం?" అని నవ్వారు.

కడుగుతుందిరా నాయనా. మిల్లుల్లో అద్దకం రంగులో యూరియా కలుపుతారు, ఊళ్ళో పొలానికి చల్లే యూరియానే. అదీ, మన ఒంట్లోంచి పోయేదీ నీళ్ళలో చేరి అమోనియా అవుతాయి. బురద పైపొరలో గాలి తగిలే చోట కంటికి కనబడని సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. కింద గాలి ఆడని నల్లమట్టిలో మరో రకం ఉంటాయి. వాటికి ఊపిరాడాలి కాబట్టి నైట్రేటులోని ఆక్సిజన్ లాక్కుంటాయి. మిగిలిన నత్రజని వాయువై పైకి పోతుంది. మనం పీల్చే గాలిలో ముప్పాతికకు పైగా ఉన్నది అదే, ఎవరికీ హాని లేదు. ఇదంతా జరగాలంటే నీళ్ళు ఆగి ఆగి పోవాలి, బురద ఉండాలి, వేళ్ళు ఉండాలి. అది రంగును తీయలేదు, మిల్లు విషాలన్నీ మింగలేదు. కానీ ఈ ఒక్క చాకిరీ జీతం లేకుండా, సెలవు లేకుండా మనకు చేసిపెడుతోంది. మనం దాన్ని మురికి అన్నాం.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆ వంపును మిల్లు యజమానులు చంపలేదు. మేమే అడిగి చంపించుకున్నాం.

మా అన్న మగ్గాల షెడ్డులో పని చేయించే మాస్టర్. మా కులసంఘంలో పెద్దమనిషి కూడా. ఏటా ఆడవాళ్ళు పట్టుచీరలు మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఆ బురదలో దిగేవాళ్ళు. ఒకావిడ తాంబాళంతో సహా జారిపడింది. అంతే, మన ఆడవాళ్ళకు సిమెంటు రేవు కావాలని అన్న పట్టుబట్టాడు. కార్పొరేషన్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు, సాధించాడు కూడా. పరాయి రాష్ట్రంలో మనకూ ఒక రేవు కట్టించారన్న గొప్ప. సంఘం మీటింగులో ఆ కబురు చెప్పగానే ఈలలు, చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆడవాళ్ళే.

నేను లేచి చెప్పాను. గట్టు మీద నాలుగు బండలు పరిస్తే చాలు, వంపు జోలికి పోవద్దు, ఆ బురద తీస్తే నీళ్ళు ఇంకా పాడవుతాయి అన్నాను. రెండు గ్లాసుల సంగతీ చెప్పాను. అన్న నవ్వుతూనే అన్నాడు, "చెల్లె, బడిల పాఠం బడిలనే చెప్పు. గీడ ఆడోళ్లు జారి పడుతున్నరు."

హాలంతా నవ్వింది. అమ్మ నవ్వలేదు, నా వైపు మాట్లాడనూ లేదు. కొడుకు పదిమందిలో గెలుస్తుంటే ఏ తల్లి అడ్డొస్తుంది? నేను కూర్చున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, ఇప్పటికీ నాకు కోపమే.

ఎండాకాలంలో జేసీబీ వచ్చింది. తుంగను పెకలించి, బురదను లారీలకెత్తి, మెలికను తిన్నగా చేసి అడుగూ పక్కలూ సిమెంటు పోశారు. రేవు దగ్గర నీళ్ళు నిలవాలని అడ్డంగా చిన్న కట్ట కట్టారు. 'సుందరీకరణ' అని బోర్డు పెట్టారు. వానలు తగ్గాక నేనొక్కదాన్నే వెళ్ళి మళ్ళీ రెండు గ్లాసులు ముంచాను. రెండూ బీట్‌రూట్ రసమే. తిన్నటి కాలువలో నీళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చి కట్ట దగ్గర నిలిచిపోయాయి. ఆ నైట్రేటు తిని పాచి బలిసింది. రాత్రి పాచి నీళ్ళలోని ఊపిరంతా లాగేస్తే చేపలు తెల్లారి వెల్లకిలా తేలాయి. గ్లాసులు తీసుకెళ్ళి అన్న ముందు పెడితే, పండుగ నాటికి బ్లీచింగ్ చల్లిస్తాలే అన్నాడు.

సద్దుల బతుకమ్మ రోజు గునుగు దొరకలేదు. గట్టే లేదు, గునుగెక్కడిది? అమ్మ బజారు నుంచి బంతిపూలు తెప్పించి పేర్చింది. పసుపు గౌరమ్మను పైన పెట్టింది. సందులో ఆడి, సందెవేళకు రేవుకు వెళ్ళాం. అక్కడ లైట్లు, కుర్చీలు, శాలువా కప్పించుకోవడానికి వచ్చిన అతిథి ఒకాయన. మెట్లు అద్దంలా ఉన్నాయి. ఒక్క చీరకూ మట్టి అంటలేదు. నీళ్ళు మాత్రం చిక్కటి ఆకుపచ్చ, కంపుకు కళ్ళు మండుతున్నాయి.

అమ్మ చివరి మెట్టు దాకా దిగి ఆగిపోయింది. బతుకమ్మను వదిలాక ఆ నీళ్ళే దోసిట్లోకి తీసుకుని పిల్లల నెత్తిన చల్లడం మా ఆనవాయితీ. అమ్మ వెనక్కి తిరిగి అన్నను పిలిచింది.

"బిడ్డా, ముందుగాల నువ్వు దోసెడు నీళ్లు తీస్కొని నీ బిడ్డ నెత్తి మీద చల్లు. అటెన్క నేను బతుకమ్మను విడుస్త."

అన్న చుట్టూ చూశాడు. "అమ్మా, గిప్పుడు గిదేంది? అందరు చూస్తున్నరు."

"చూడనియ్యి."

అన్న వంగాడు. చెయ్యి చాచాడు. కూతురు కొత్త గాగ్రాలో మెట్టు మీద నిలబడి, చున్నీతో ముక్కు మూసుకుని తండ్రినే చూస్తోంది. ఆ చెయ్యి నీళ్ళ దాకా పోలేదు. నేను గెలిచానని మీరనుకుంటారేమో. ఏం గెలుపు? ఆ నిమిషంలో అన్నను చెంప మీద కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది.

చాలామంది ఆడవాళ్ళు మొహం తిప్పుకుని తమ బతుకమ్మలను అందులోనే వదిలారు. అవి ఎక్కడికీ కదల్లేదు, కట్టకు కొట్టుకుని అక్కడే ఒరిగాయి. అమ్మ తన తాంబాళం ఎత్తుకుని ఇంటికి నడిచింది. బట్టలు నానబెట్టే నీలం టబ్బును బూడిద వేసి తోమింది. నల్లా నీళ్ళు నింపి బతుకమ్మను అందులో వదిలింది. పుస్తెలకు గౌరమ్మ పసుపు రాసుకుంది. పిల్లల నెత్తిన ఆ నల్లా నీళ్ళే చల్లింది.

తెల్లారి టబ్బులో పూలు ఉన్నచోటే ఉన్నాయి, కుళ్ళు వాసన మొదలైంది. సందులోకి పాట పెట్టుకుని కార్పొరేషన్ చెత్తబండి వచ్చింది. పూలు బండిలో వేద్దామని నేను టబ్బు అంచు పట్టుకున్నాను. అమ్మ నా చెయ్యి తీసేసి, గడపలో నిలబడ్డ అన్నను చూసింది.

"సిమెంటు పోయించిన చేతులే గదా. నువ్వే ఎయ్యి."

అన్న టబ్బు ఎత్తుకెళ్ళాడు. నీళ్ళు మోరీలోకి వంపి, పూలను రెండు చేతులతో తీసి, నిన్నటి అన్నమూ ప్లాస్టిక్ సంచులూ ఉన్న బండిలో వేశాడు. బండి పాట పాడుకుంటూ పక్క సందుకు పోయింది. అమ్మ తలుపు వేసుకుంది.