ఈరన్న చూపించిన దొన

యాభయ్యో దశకంలో పెనుకొండ స్టేషన్లో దిగినవాళ్లు కోటకు పోవాలంటే నడవాలి, లేదా జట్కా ఎక్కాలి. రైలు వచ్చే వేళకు బండ్లు స్టేషన్ బయట వేపచెట్ల కింద బారులు తీరి ఉండేవి. వాటిలో గిరాకీ ఎక్కువ ఈరన్న బండికి. అతని గుర్రమేమీ మేలుజాతిది కాదు, అన్ని గుర్రాల్లాగే బక్కది. కోటలో వేరే బండివాళ్లు చూపించనివి ఈరన్న చూపిస్తాడని పేరు పడింది, అంతే.

వచ్చినవాళ్లు చూసేవి మామూలే. కోట వాకిలి, గగన్ మహల్, బాబయ్య దర్గా, ఒకటి రెండు గుళ్లు. పూట తిరక్కముందే అయిపోయేది. ఆపైన స్టేషన్ బెంచీల మీద కునుకుతూ సాయంత్రం రైలు కోసం కూర్చునేవారు. వాళ్లను ఇంకొంచెం తిప్పితే బాడుగ పెరుగుతుందనేది ఈరన్న మొదటి ఆలోచన. తిప్పగా తిప్పగా అదే అతని సరదా అయింది.

నూనెగానుగ సందులో సరోజమ్మ అనే ఆమె ఇంటి పెరటిగోడ నిజానికి పాత కోటగోడ. ఆమెనడిగి లోపలికి పోతే మెట్లుండేవి. పైకెక్కితే చెరువు, చెరువుకు అవతల రైలు పొగ కనబడేది. సున్నపు బట్టీల వెనక రెండు రాతిగుండ్ల మధ్య ఒక ఇరుకు సందు ఉంది. నడివేసవి మధ్యాహ్నం కూడా అందులో చల్లగాలి తోలేది. ఒకరి గొడ్లచావిట్లో గులకరాయితో కొడితే గంటలా మోగే రాతికంబం ఉండేది. ఇవేవీ గొప్పవి కావు. చూసినవాళ్లు మాత్రం తామే కనిపెట్టినట్టు సంబరపడి, హిందూపురం పోయి నలుగురికీ చెప్పేవారు. ఆ నలుగురూ వచ్చి "ఈరన్న బండి ఏది?" అని అడిగేవారు.

తోటి బండివాళ్లకు ఇది కంటగింపు. వాళ్లలో నరసింహులు నోరున్నవాడు.

"ఏమబ్బా ఈరన్నా, ఈ పొద్దు ఏం చూపిస్తివి? గాడిద పండుకున్న తావా, లేచిన తావా?"

"నీ మొగం తప్ప అన్నీ చూపిస్తి లేప్పా. దానికి వాళ్లు దుడ్లు ఇయ్యం అన్నారు."

నవ్వుతూనే నరసింహులు తన పని తాను చేసుకున్నాడు. ఈరన్న బండి వెనకాలే తన బండి తోలి, ఏ సందులో ఆగుతోందో చూసుకున్నాడు. మరుసటి ఏడు స్టేషన్ దగ్గరి బండ్లన్నీ సరోజమ్మ గుమ్మం ముందు ఆగడం మొదలైంది. ఆమె విసిగి పెరటి తలుపుకు తాళం వేసింది. గొడ్లచావిడి వాళ్లు కంబానికి కసువు వామి అడ్డం వేశారు. అందరూ చూపించేదాన్ని చూపించడానికి ఈరన్నే ఎందుకని అడిగేవాళ్లు వచ్చారు. అతనికి కొత్త తావు కావలసి వచ్చింది.

ఈరన్నది ఎర్రమంచిలో గొర్రెలు కాసే ఇల్లు. తండ్రి పోయాక మందను అక్క శంకరమ్మకూ ఆమె భర్త పోతులయ్యకూ వదిలి, తాను జట్కా కొన్నాడు. చిన్ననాడంతా మంద వెనక తిరిగిన మనిషి గనుక కొండ మీద బండివాళ్లెవరికీ తెలియని ఒక చోటు అతనికి తెలుసు. అది దొన, రెండు పెద్ద గుండ్ల నడుమ వాననీళ్లు నిలిచే లోతైన గుంత. కింద చెరువు ఎండి బంకమన్ను నెర్రెలిచ్చాక కూడా అందులో నీళ్లుండేవి. ఇప్పుడు పోతులయ్య ఉంటున్న ఆ ఇల్లూ, పక్కపల్లెలో గొర్రెలున్న లింగప్ప ఇల్లూ తాతల నాటినుంచి ఆ దొనను పంచుకునేవి. వానలు వెనకబట్టాక రెండిళ్లవాళ్లూ కలిసి పోయి దాని నోటి మీద బండ జరిపి, అంచులకు మట్టి మెత్తి, పైన ముళ్లకంప కప్పేవారు. చైత్రంలో మళ్లీ కలిసే తెరిచేవారు. ఒక ఇంటివాళ్లు లేకుండా ఇంకొక ఇంటివాళ్లు తెరవకూడదు. తెరిచిననాడు మంద తాగిన తరవాతే మనుషులు తాగాలి. ఆ బండ ఏ మూల గెడకర్ర పెడితే కదులుతుందో ఆ రెండిళ్లకే తెలుసు.

ఈరన్నకూ తెలుసు. జట్కా కొన్న తరవాత అతను ఆ లెక్కలోని మనిషేనని ఎవరికీ గుర్తు లేదు.

యాభై ఆరులో కార్తీకమాసం. హిందూపురంలో బెల్లం మండీ నడిపే శ్రీరాములు శెట్టి చుట్టాలతో సహా వనభోజనానికి వచ్చాడు. అతను అంతకుముందు ఈరన్న బండిలో అన్నీ చూసినవాడే.

"మళ్లా ఆ గాలి సందేనా? కొత్తది ఏమన్నా ఉంటే చెప్పు. లేకుంటే నరసింహులు బండి పిలుస్తా," అన్నాడు శెట్టి.

ఈరన్న కొంచెంసేపు గుర్రం మెడ నిమిరాడు. తరవాత ఉందన్నాడు.

చూపించి, ఒక దోసెడు తాగించి, మూసేసి రావచ్చని అతని లెక్క. గెడతో బండ తొలగించేసరికి నీళ్లు అంచుదాకా నిండి, ఆకాశం అందులో పడి, చూడటానికి నిజంగానే బాగుంది. ఆడవాళ్లు అబ్బా అన్నారు. శెట్టి భార్య అలివేలమ్మ అక్కడే చాపలు పరవమంది.

"ఈడొద్దమ్మా, కింద మామిడితోపు ఉండాది. ఇది చూసేదానికే. ఈ నీళ్లు గొర్రెలకి," అన్నాడు ఈరన్న.

"గొర్రెలకా? మేమేమన్నా గొర్రెల విస్తరి లాక్కుంటాండామా ఏమప్పా!" అన్నాడు శెట్టి. అందరూ నవ్వారు. ఈరన్న కూడా నవ్వాడు. కింద కట్టేసిన గుర్రానికి గడ్డి వేసి వస్తానని దిగిపోయాడు.

అతను తిరిగి వచ్చేసరికి భోజనాలు అయిపోయాయి. పిల్లలు నీళ్లలో దిగి ఉన్నారు. ఒకామె బట్టల సబ్బుతో పిల్లవాడి లాగు ఉతుకుతోంది. పులుసు గిన్నెలు, నెయ్యి గిన్నెలు గుండు అంచున తోముతున్నారు. ఆ గుండు వాలు లోపలికి. తోమిన నీళ్లూ, మెతుకులూ, జిడ్డూ మళ్లీ దొనలోకే పోతున్నాయి. ఈరన్న వద్దనలేదు. అప్పటికే అయిపోయిందని అనుకున్నాడు. పిల్లలు మళ్లీ తీసుకురమ్మని గోల చేశారు, శెట్టి బాడుగ మీద అదనంగా ఇచ్చాడు. అందరూ దిగిపోయాక అతనొక్కడే బండ జరిపి, తడిమట్టి తెచ్చి అంచులకు మెత్తి, కంప కప్పాడు. ముందున్నట్టే ఉంది.

ఆ పొద్దే పోయి పోతులయ్యకు చెప్పి ఉంటే పెద్ద నష్టమేమీ లేదు. నీళ్లు తోడేసి దొనను కడిగితే, ఇంకా రావలసిన తుపాను వానలకు సగమైనా నిండేది. నిండకపోయినా వేసవికి వేరే దారి చూసుకోవడానికి వ్యవధి ఉండేది. కానీ "గుర్రం తోక పట్టుకున్నోనికి గొర్రె సంగతి ఏం తెలుస్తాదిలే" అని పోతులయ్య ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. బావ చేత మాట పడటం ఈరన్నకు గిట్టదు. వాన పడితే అదే శుభ్రమవుతుందని సరిపెట్టుకున్నాడు. వాన పడింది. పైన బండ ఉంది గనుక లోపలి నీళ్లు లోపలే కుళ్లాయి.

చైత్రంలో పోతులయ్యా లింగప్పా కలిసి బండ జరిపారు. వాసనకు ఇద్దరూ వెనక్కి తగ్గారు. ముందు వచ్చిన పొట్టేలు మూతి వంచి, వాసన చూసి, తల తిప్పుకుంది. దాని వెనక మందంతా తిప్పుకుంది. పోతులయ్య దోసిట్లోకి నీళ్లు తీసి చూశాడు. పైన తెట్టు, వేళ్లకు జిడ్డు.

"కార్తీకంలో ఉన్ని కత్తిరించినావే, మందను యాడ కడిగినావు?" అని లింగప్పను అడిగాడు.

ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను కడుగుతారు. కడిగిన నీళ్ల మీద ఇలాంటి జిడ్డే తేలుతుంది.

"చెరువులో కడిగితి. యాడ కడుగుతారప్పా?"

"నేను కడిగేపొద్దు నువ్వు ఆడ కనపడలేదే?"

"నువ్వు కడిగింది ఒక పొద్దు, నేను కడిగింది ఒక పొద్దు. ఏమి, నీకు చెప్పి కడగల్లా?"

"ఈ బండ జరిపేది తెలిసింది మీ ఇంటికీ మా ఇంటికీ. నేను జరపలే."

లింగప్ప తన మందను మళ్లించుకుని కొండ దిగిపోయాడు.

కులదేవుడు బీరప్ప గుడి ముందు కులపెద్దలు కూర్చున్నారు. వేసవిలో నీళ్ల తగాదా అంటే అందరికీ పట్టేదే గనుక చుట్టుపక్కల పల్లెల నుంచి మందలున్న ప్రతి ఇంటివాళ్లూ వచ్చారు. గుడిలోని పసుపు చేత్తో పట్టుకుని, నల్ల కంబళి మీద నిలబడి ప్రమాణం చేస్తే తగాదా తెగిపోతుంది. వెనక వరసలో కూర్చున్న ఈరన్న నమ్ముకున్నది దాన్నే. లింగప్ప తప్పు చేయలేదు. ప్రమాణం చేస్తాడు. ఇంక ఎవరూ నోరు విప్పే పని ఉండదు.

పెద్ద మనిషి పసుపు పళ్లెం ముందుకు జరిపాడు. లింగప్ప చెయ్యి చాపలేదు.

"మా తాత, వీళ్లింటి తాత ఒకే దొన నీళ్లు తాపినారు. ఇన్నేండ్లలో ఒకరినొకరు అడిగింది లే. ఇప్పుడు నేను పసుపు ముట్టుకుంటే గానీ పోతులయ్యకు నా మాట మాట కాదా? అట్లయితే ఆ నీళ్లే నాకొద్దు," అన్నాడు.

"పౌరుషానికి పోవద్దప్పా, ముట్టుకుంటే అయిపోతాది," అన్నారు ఒకరిద్దరు.

"చేసినానో లేదో పోతులయ్యనే చెప్పమనండి. నన్ను చూసి చెప్పమనండి."

పోతులయ్య నేల చూశాడు. ప్రమాణానికి వెనకాడినవాడిదే తప్పని పెద్దలు తేల్చారు. దొన మీద లింగప్ప ఇంటికి హక్కు లేదన్నారు. ఈరన్న లేచి ఒక్క మాట అనడానికి అది ఆఖరు అదను. అతను లేవలేదు.

ఆ వేసవి రెండు మందలకూ చేటే. పోతులయ్య గొర్రెలను చిత్రావతి ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకుంటూ కనగానపల్లి దిక్కుకు తోలుకుపోయాడు. దారిలో గొర్రెపిల్లలు చాలా చచ్చాయి. లింగప్పను కులంలో ఎవరూ తమ నీళ్ల దగ్గరికి రానివ్వలేదు. అతను మందను హిందూపురం సంతలో తెగనమ్మి, భార్య చౌడక్కతో ధర్మవరం పోయి, రైల్వే షెడ్డులో బొగ్గు మోసే కూలీ అయ్యాడు.

ఈరన్న మళ్లీ ఎవరినీ దొన దగ్గరికి తీసుకుపోలేదు. కొత్త తావులేమీ లేవని చెప్పేవాడు. శెట్టి కుటుంబం మరుసటి కార్తీకానికి నరసింహులు బండి ఎక్కింది. గిరాకీ తగ్గింది. అతనికి అది శిక్షగా తోచేది. ఆ శిక్షతో లింగప్పకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

పందొమ్మిది వందల అరవైలో బండి చక్రాల పని మీద ధర్మవరం పోయినప్పుడు జంక్షన్ బయట లింగప్ప ఎదురుపడ్డాడు. ఒళ్లంతా మసి. గుర్తుపట్టి తానే పలకరించాడు.

"ఏమప్పా ఈరన్నా, బాగుండావా? మీ బావ మంద ఎట్లుండాది? ఈ తూరి నీళ్లు చాలినాయా?"

చాలాయన్నాడు ఈరన్న. లింగప్ప బలవంతాన హోటల్లోకి తీసుకుపోయి టీ తాపించాడు. పోతులయ్య మీద ఒక్క కటువు మాట అనలేదు. అతను తిట్టి ఉంటే ఈరన్న ఎప్పటిలాగే ఊరుకునేవాడేమో. చక్రాల పని వదిలేసి, తరవాతి రైలుకే వెనక్కి వచ్చి, ఎర్రమంచిలో అక్క ముందు కూర్చుని అంతా చెప్పాడు.

శంకరమ్మ రాగులు చెరుగుతోంది. చేట ఆపింది.

"ఆ పొద్దు గుడికాడ నువ్వు ఉంటివి కదరా?"

"ఉంటి."

"కూచోని వింటివి."

"వింటి అక్కా."

పోతులయ్య సాయంత్రం మందతో వచ్చాక ఆమే చెప్పింది. అతను తిట్టలేదు, కొట్టలేదు. కాళ్లు కడుక్కుని, పెద్దలను పిలిపించమన్నాడు.

పెద్దలు కూర్చున్నారు గానీ ఆ ఏడు ముందే కరువు పట్టడంతో దొన లేని మిగతా మందలన్నీ బళ్లారి దిక్కుకు పోయి ఉన్నాయి. గుడి ముందు ముసలివాళ్లు, కదలలేనివాళ్లు కొందరే మిగిలారు. లింగప్పను తప్పు పట్టిననాడు వచ్చినవాళ్లలో ఎక్కువమంది అతని తప్పు లేదన్ననాడు రాలేదు. ఈరన్న చెప్పినంతసేపూ విన్నారు. తప్పు కింద గుడికి ఒక పొట్టేలు ఇమ్మన్నారు. లింగప్ప హక్కు లింగప్పదేనన్నారు. తరవాత తప్పిపోయిన ఇంకొకరి గొర్రె సంగతి మాట్లాడుకున్నారు.

పోతులయ్య, ఈరన్న కలిసి ధర్మవరం పోయారు. షెడ్డు వెనక రేకుల పాకలో లింగప్ప అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి ఇద్దరికీ గోనెపట్ట పరిచాడు. ఈరన్న చెప్పాడు. లింగప్ప అతనివైపు చూడలేదు, పోతులయ్యనే చూస్తూ విన్నాడు.

"తప్పయిపోయింది లింగప్పా," అన్నాడు పోతులయ్య. "నీ దొన నీకుండాది. రాప్పా. నా మందలో సగం నీకు తోలిస్తా, మళ్లా పెంచుకో."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొన్న. వీడు చెప్పినాక."

"అదేప్పా," అన్నాడు లింగప్ప. "నన్ను నమ్మి రాలే నువ్వు. వాడు చెప్పినాడని వచ్చినావు."

చౌడక్క లోపలినుంచి మజ్జిగ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. తాగారు. షెడ్డులో కూత వేస్తే లింగప్ప తువ్వాలు తలకు చుట్టుకుని లేచాడు. ఎండకు పోవద్దు, రైలు వచ్చేదాకా నీడపట్టున కూర్చోమని వాళ్లకు చెప్పి పనిలోకి పోయాడు.

రైల్లో ఇద్దరూ ఎదురెదురు బెంచీల మీద కూర్చున్నారు. పెనుకొండలో దిగాక ఈరన్న బండి కట్టి, స్టేషన్ వాకిట్లో ఆపాడు. పోతులయ్య ఎక్కలేదు. చెప్పులు చేతపట్టుకుని ఎర్రమంచి దారి పట్టి నడిచిపోయాడు.